చుక్క పెట్టిన పాటలు

అసలు ఆ గడిలో టిక్కు తీసేశానా లేదా, తీసేశాననే అనుకుంటున్నాను, కానీ నా అనుకోవడానికేం, గ్యాసు కట్టేశాననే అనుకుంటూ సగం దారి వెళ్ళి, గుండె గుభేలుమని వెనక్కి పరిగెత్తుకొచ్చే మనిషిని నేను, వచ్చి చూస్తే గ్యాసు కట్టేసే ఉంటుంది, ప్రతిసారీ కట్టేసే ఉంటుంది, అయినా ఇంకోసారి వస్తాను, అలాంటిదాన్ని పట్టుకుని ఈ కంప్యూటర్లో ప్లేయరు మీ పాటలన్నీ నా ఫోల్డర్లోకి తెచ్చేసుకోనా అని అడిగితే, అడగడం కూడా కాదు, ముందే టిక్కు పెట్టేసుకుని వద్దనుకుంటే నువ్వే తీసుకో అన్నట్టు కూర్చుంటే, నేను తీసి నొక్కానా, నొక్కేసి తర్వాత తీశానా, ఆ పచ్చగీత మాత్రం ఎడమ నుంచి కుడికి పాకి పాకి ఆగిపోయింది, అయిపోయింది అంటోంది, ఏం అయిపోయిందో చెప్పదు. ఆయన క్షవరానికి వెళ్తూ, చెప్పులు వేసుకుంటూ అన్నారు, బట్టల మిషను ఆగేలోపు వచ్చేస్తా, గుమ్మంలో అడుగు పెట్టేసరికి పాట వినపడాలి మేడమ్ గారూ, నీవీ నావీ అన్నీ ఒకచోట పడేయి, ప్లేయరంటావా, నీ ఇష్టం, అని, నీ ఇష్టం అన్నంత బరువైన మాట ఇంకోటి లేదు, అవతలివాళ్ళు తేలిగ్గా అనేసి వెళ్ళిపోతారు, ఇవతలివాళ్ళు మొయ్యాలి, ఇప్పుడు బాత్రూములో ఆ మిషను గడగడా తిరుగుతోంది, అది నీళ్ళు వదిలి ఒకసారి ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా అయిపోయిందేమోనని నా ప్రాణం లేచి పడుతోంది, పాటలు వినడానికి ఇంత కంగారుపడే ఆడది భూమ్మీద ఇంకెవరైనా ఉంటారా.

పెళ్ళయి ఏడాది కాలేదు, ఆయనకిది మొదటిది, నాకు రెండోది, ఇద్దరికీ నలభైలు దాటాయి కాబట్టి ఎవరి సామాను వాళ్ళకుంది, ఎవరి దిండు వాళ్ళకుంది, ఎవరి పాటలు వాళ్ళ డిస్కులో ఉన్నాయి, ఆయనది నల్లది, నాది నీలం అట్ట ఉన్నది, ఈ కంప్యూటరొక్కటే ఇద్దరం కలిసి కొన్న మొదటి వస్తువు, రెండు డిస్కుల్లోవీ ఇందులోకి ఎక్కించి పక్కపక్కన రెండు ఫోల్డర్లుగా ఉంచాను, అత్తాకోడళ్ళలా ఒకే ఇంట్లో మాటల్లేకుండా, ఇప్పుడు ఒక ప్లేయరు పెట్టి వాటిని కలపాలి. మూడు దించి చూశాను, మొదటిది సోకులరాయుడు, పాట వేస్తే చాలు తెర నిండా రంగులు ఎగరేస్తాడు, వెతికిన పాట మాత్రం చస్తే దొరకదు, రెండోది పెత్తందారు, చూడ్డానికి ఎంత పద్ధతో, పాటలన్నీ తన గదిలోకి లాక్కుని, పేర్లు తనకి నచ్చినట్టు మార్చి, పాడినవాళ్ళ వరసలో నిలబెట్టి, ఏది ఎవరు తెచ్చారో ఆనవాలు లేకుండా సర్దేస్తాడు, మూడోది గుమాస్తా, బూడిదరంగు మొహం, అందం చందం లేవు, పాటల్ని ముట్టుకోడు, ఏది ఎక్కడుందో రాసుకుంటాడు, అడిగితే అక్కణ్ణుంచి తెచ్చి వినిపిస్తాడు, అంతే. ఎవరైనా గుమాస్తానే బాగున్నాడు కదా అంటారు, కానీ ఆయన సంగతేమిటి, పొద్దున ఆయనే పెత్తందారు నమూనా బొమ్మ చూసి, అబ్బ, ఎంత శుభ్రంగా సర్దిందో చూడు, ఇదే పెట్టేయరాదూ అన్నారు, అన్నాక నేను వద్దంటే ఎందుకు అంటారు, ఎందుకో చెప్పాలి, చెబితే, నేనీ ప్లేయర్లలో చూస్తున్నది పాట ఎంత బాగా వినిపిస్తుందని కాదండీ, కలిపిన పాటలు మళ్ళీ విడదీయడం దేనికి చేతనవునా అని చూస్తున్నాను అని చెప్పాలి, ఆ మాట మొగుడితో అనే నోరు నాకు లేదు.

మిషను మళ్ళీ ఆగింది, లేదు, వెనక్కి తిరుగుతోంది. లాబ్‌లో నేను చేసేది కట్టుడు పళ్ళు, అక్కడ అచ్చు మీద పేరు రాయకుండా బల్ల మీద పెట్టనివ్వను ఎవరినీ, ఒకరి పై దవడ ఇంకొకరి కింది దవడతో కలిసిపోతే ఇక దేవుడు దిగొచ్చినా చెప్పలేడు, అందుకు నన్ను చాదస్తం అంటారు, అననీ, పేర్లు గీకేసుకున్నదాన్ని కదా నేను, ఆ బాధ నాకు తెలుసు. ఆ మొదటి ఇంట్లో, ఆ పెద్దమనిషి ఇంట్లో, పెట్టెడు కేసెట్లతో కాపురానికి వెళ్ళాను, ప్రతిదాని మీదా నా పేరు చీటీ అంటించి ఉండేది, కొత్త మురిపెం, మనకి నీది నాది ఏంటి అన్నాడు, ఎంత తియ్యగా అన్నాడో, ఆ మధ్యాహ్నమే నేల మీద కూర్చుని ఒక్కో చీటీ గోటితో గీకి గీకి తీశాను, జిగురు పోకపోతే తడిగుడ్డ పెట్టి తుడిచాను, గోరు కింద తెల్లగా కాయితం పేరుకుంటే అదేదో గొప్ప ప్రేమలాగా చూసుకుని మురిసిపోయాను, ఆ తర్వాత పొమ్మనలేక పొగబెట్టిన కాపురం ఎన్నాళ్ళు నడవాలో అన్నాళ్ళు నడిచింది, వెళ్ళిపోయే రోజున అలమర తలుపు తీసి, నీవేవో నువ్వు తీసుకో, పేరున్నవి తీసుకో అన్నాడు, కోపంగా కూడా అనలేదు, బస్సు కండక్టరు చిల్లర లేదన్నట్టు మామూలుగా అన్నాడు, నేను ఆ వరసల ముందు నిలబడి ఒక్కటి కూడా బయటికి తీయలేకపోయాను, ఇది నాది అనిపించేది, చెయ్యి వెయ్యబోతే ఏమో, అతనిదేమో అనిపించేది, ఆ ఇంట్లోంచి బట్టల సంచితో వచ్చాను. తర్వాత పోగైనవే ఈ నీలం డిస్కులోవి, లాబ్‌లో ప్లాస్టరు కలిపే పెద్దాయన ఇచ్చినవి కొన్ని, చుట్టుపక్కలవాళ్ళనడిగి తెచ్చుకున్నవి కొన్ని, రేడియోలో వస్తుంటే ఫోను దగ్గర పెట్టి పట్టుకున్నవి కొన్ని, వాటి వెనక పళ్ళు అరగదీసే మోటారు రొద కూడా ఉంటుంది, అయినా నావి, ఈసారి నావి.

అందుకే చుక్క పెట్టాను. ఎవరికీ చెప్పలేదు, కిందటి నెల ఆయన పనికి వెళ్ళినప్పుడు నా ఫోల్డరు తెరిచి, పాటలన్నీ ఒకేసారి పట్టుకుని, ప్రతి పాట వివరాల్లో కామెంట్ అని ఒక ఖాళీ గడి ఉంటుంది చూడండి, అందులో ఒక్క చుక్క కొట్టాను, అంతే, పేరు కాదు, చీటీ కాదు, చిన్న చుక్క, ఏ పెత్తందారు ఎన్ని గదుల్లోకి లాక్కెళ్ళినా చుక్క పాటతోనే పోతుంది, రేపొద్దున ఏదైనా అయితే, ఏదైనా అంటే ఏమిటో నేను అనుకోవడం లేదు, అయితే మాత్రం చుక్కలున్నవి ఏరుకుని బయటపడొచ్చు, కొట్టిన దగ్గర్నుంచీ కడుపులో రాయి పడ్డట్టే ఉంది, ఆయన నవ్వుతూ మంచినీళ్ళిస్తే రాయి, తడి తువ్వాలు కుర్చీ మీద పడేస్తే కసిరి, కసిరినందుకు ఆయన సారీ అంటే ఇంకా పెద్ద రాయి. పొద్దున అక్క ఫోన్ చేసి, ఏమే, ఇంకా వేర్వేరుగానే ఉన్నాయా, పాటలేగా, నగలా, చెయ్యి కాలిందని జన్మంతా కట్టు కట్టుకుని తిరుగుతావా అంది, ఆ నోరే కదా పెళ్ళికి ముందు, చూడు, అన్నీ చేతిలో పెట్టెయ్యకు, కొంచెం వెనకేసుకో, ఎందుకైనా మంచిది అన్నది, అక్క మాటల్లో ఏది ఎప్పుడు వాడాలో అక్కకే తెలియదు, నాకేం తెలుస్తుంది.

పోనీ ఆ టిక్కు సంగతైనా తేల్చుకుందామని వెళ్ళి ఫోల్డర్లు చూశాను, రెండూ ఉన్నచోటే ఉన్నాయి, పెత్తందారు గది ఖాళీగా ఉంది, తీసేశానన్నమాట, గ్యాసు కట్టేసే ఉంది, హమ్మయ్య అనుకునేలోపే వాడు ఇంకో కిటికీ తెరిచి, ఈ పాట రెండుసార్లు ఉంది, రెండింట్లో నాణ్యత తక్కువది తీసేయమంటారా అని అడిగాడు, చూస్తే ఒకటి ఆయనది, అద్దంలా ఉంటుంది, ఒకటి నాది, మోటారు రొదతో ఉన్నది, కిందికి దించితే ఇంకోటి, ఇంకోటి, ప్రతిచోటా తీసేయమంటున్నది నాదే, ఒక్కటంటే ఒక్కచోట కూడా ఆయనది కాదు, ఒళ్ళు మండిపోయింది, నీ మొహం నాణ్యత అని పైకే అనేసి పెత్తందారును ఉన్నపళాన తీసి పారేశాను, ఆయన మెచ్చుకున్నదాన్ని తీసేశాను, ఇప్పుడేం చెప్పాలి, గుమాస్తాకు రెండు ఫోల్డర్లూ చూపించాను, ఇట్టే రాసేసుకున్నాడు, నావీ ఆయనవీ ఒకే వరసలో పడ్డాయి, చుక్కలున్నాయో లేవో చూద్దామని ఆ కామెంట్ గడి తెరిచి పెట్టుకుని కిందికి దిగుతున్నాను, చుక్క ఉన్నది నాది, లేనిది ఆయనది, చుక్క, ఖాళీ, ఖాళీ, చుక్క, బాగానే ఉంది, ఇంతలో వేణువు పాటలు రెండు వచ్చాయి, రెండింటికీ చుక్క ఉంది. ఆ రెండూ పెద్దాయన మొన్నీమధ్య ఇచ్చినవి, చుక్కలు కొట్టాక ఎక్కించినవి, వాటికి నేను చుక్క పెట్టలేదు, పెట్టాలనుకుంటూ మర్చిపోయాను, ఆ మర్చిపోవడం నాకు బాగా గుర్తు, మరి ఇవెక్కణ్ణుంచి వచ్చాయి, చుక్కలు వాటంతటవే అంటుకుంటాయా, రేపు ఆయన పాటలకీ అంటుకుంటే, లేక పెత్తందారు పోతూ పోతూ ఏదైనా చేశాడా, లేక నేనే పెట్టి పెట్టలేదనుకుంటున్నానా, లేదంటే, ఈ ఇంట్లో ఈ కంప్యూటరు ముట్టుకునేది ఇంకొక్కరే, ఆయన చూశారన్నమాట, చూసి, ఏమనుకుని ఉంటారు, వచ్చిన రోజునుంచే మూట కట్టుకుంటోందని అనుకోరా, ఎవరైనా అదే అనుకుంటారు, నేనైనా అదే అనుకుంటాను, మిషను ఆఖరి పరుగు పరుగెత్తి టింగుమని మోగింది, ఇల్లంతా నిశ్శబ్దం, మెట్ల మీద చెప్పుల చప్పుడు.

వచ్చారు, వెంట్రుకలు మరీ పొట్టిగా కొట్టేశాడు మంగలి, చెవులు రెండూ బయటపడి బడికెళ్ళే పిల్లాడిలా ఉన్నారు, మెడ మీద పౌడరు, ఏంటి, ఇంకా మౌనవ్రతమేనా, పాటేదీ అంటూ కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డారు, తెర మీద ఆ గడి అలాగే తెరుచుకుని ఉంది, మూసేద్దామంటే చెయ్యి రాలేదు, ఈ చుక్కలు మీరు చూశారా అన్నాను, చూశాగా, ఎప్పుడో చూశా, ముందు దుమ్మనుకుని తెర తుడిచా కూడా, పోలేదు, తర్వాత నీ పాటలకే ఉన్నాయని తెలిసింది అన్నారు, అంత మామూలుగానూ అన్నారు, మరి నన్నడగలేదేం అన్నాను, అడిగితే మొహమాటపడి తీసేస్తావని అన్నారు, ఆయనే మళ్ళీ, ఆ వేణువు రెండూ నువ్వు మర్చిపోయావు, ఆ పెద్దాయన ఇచ్చినవి, నీవే కదా, నేనే పెట్టా, కరెక్టేనా, నీ చుక్క ఎలా కొట్టావో తెలీక మొదట రెండు చుక్కలు పడ్డాయి, ఒకటి చెరిపా అన్నారు. కేసెట్ల సంగతి ఆయనకెప్పుడో ఒకసారి చెప్పాను, నవ్వుతూనే చెప్పాను, తమాషాగా, ఆయనా నవ్వారు, నవ్వి మర్చిపోయారనుకున్నాను, కోపం రాలేదా మీకు అన్నాను, దేనికి, అన్నారు, తర్వాత కొంచెం ఆగి, కొద్దిగా వచ్చింది, ఒకరోజంతా వచ్చింది, అన్నారు, నిజం చెప్పినందుకు ఆయన్ని చూడబుద్ధయింది, చూడలేక తెరవైపే చూశాను, పెత్తందారు ఏడీ అని అడిగారు, తీసేశానండీ, నా పాటలు నాసిరకం అన్నాడు అన్నాను, వాడి బొంద, అని, ఉండు, బట్టలు తీసొస్తా, ముడతలు పడతాయి, నువ్వు ఏదో ఒకటి వెయ్యి అంటూ బాత్రూములోకి వెళ్ళిపోయారు.

ఆయన పని లిఫ్టులు తనిఖీ చెయ్యడం, ఏ భవనంలోకి వెళ్ళినా ముందు లిఫ్టులోకి ఎక్కి గంట నొక్కి చూస్తారు, లోపల ఇరుక్కున్నవాళ్ళు నొక్కుకునే గంట, పెళ్ళయిన కొత్తలో నన్ను ఒక పెద్ద ఆఫీసుకు తీసుకెళ్ళినప్పుడు కూడా నొక్కారు, నేను ఉలిక్కిపడితే, ఎవరూ నొక్కరు దీన్ని, కానీ ఇది మోగదని తెలిస్తే ఎవరూ ఎక్కరు అన్నారు, అప్పుడది ఉద్యోగం కబుర్లే అనుకుని ఊఁ కొట్టాను, ఇప్పుడు తెర మీద ఆ రెండు వేణువు పాటల పక్కన ఆయన చేత్తో పెట్టిన చుక్కలు చూస్తుంటే కళ్ళు నిండాయి, ఒకరోజంతా కోపంతో ఉండి, ఆ కోపంతోనే కూర్చుని, నేను మర్చిపోయినవి వెతికి, ఇవి కూడా నీవే, ఇవి వదిలేసి పోకు అన్నట్టు పెట్టాడు మహానుభావుడు, అక్కడ పేర్లు గీకించినవాడు, ఇక్కడ చుక్క పెట్టినవాడు, విడదీయడం చేతనవునా అని ఇన్నాళ్ళూ ప్లేయర్లను అడుగుతూ కూర్చున్నాను పిచ్చిదానిలా. రెండుసార్లున్న పాట వేశాను, ముందు ఆయనది వచ్చింది, అద్దంలా, అయిపోయాక నాది, బుస్సుమనే రొద, మోటారు, ఆ వెనక పాట, బాత్రూములోంచి, ఏంటి, మళ్ళీ అదే వేశావు అని అరిచారు, అది మీదండీ, ఇది నాది అని నేనూ అరిచాను, సరే సరే, రెండూ ఉండనీ అన్నారు, తడి దుప్పటి దులుపుతున్న చప్పుడు, ఉండనీ, చుక్కలు కూడా ఉండనీ, తియ్యను, వాటి అవసరం లేదని కాదు, అవి ఉన్నాయి కాబట్టే నాకు తెలుస్తోంది, నాకు ఇక్కణ్ణుంచి ఎక్కడికీ వెళ్ళాలని లేదు.