నాలుగు ఎర్ర పళ్ళు, రెండు పచ్చివి

సుజానా ఓడిపోయిందని మైకులో చెప్పినప్పుడు నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. మొదటి గంట కొట్టినప్పుడు మూసిన కళ్ళవి. ఆరు రౌండ్లూ ‘ప్రభువా, దీన్ని నడిపించుకుని ఇంటికి తీసుకెళ్ళనీ’ అన్న ఒక్క మాటే అనుకుంటూ కూర్చున్నాను. గెలిపించమని అడగలేదు. హాలంతా ఈలలు, తిట్లు. ముగ్గురు జడ్జీల్లో ఒకాయన నా కూతురు గెలిచిందని రాశాడట, మిగతా ఇద్దరూ ఎదురాడిన ఉత్తరాది పిల్ల గెలిచిందని రాశారట. “అన్యాయం” అని వెనకాల ఎవరో కుర్చీ తన్నారు. నాకు మాత్రం గుండె తేలికపడింది. ఈసారి ఓడితే గ్లోవ్స్ అటకమీద పడేస్తానని సుజానా నాకు మాటిచ్చి ఉంది.

అది విశాఖలో, పోయిన శనివారం. ఆరు రోజులైంది. గ్లోవ్స్ అటక ఎక్కలేదు.

“నాను ఓడలేదమ్మా. ఓడించేరు” అంటుంది. ఆమెకు బాక్సింగ్ నేర్పే సాయినాథ్ సారు పొద్దున్నే ఫోన్ చేశారు. జనం గొడవ చేసేసరికి అదే పిల్లతో అయిదు వారాల్లో మళ్ళీ ఆట పెడతామంటున్నారట. సాయంత్రం నాలుగు లోపల ఒప్పుకుంటున్నట్టు సంతకం పంపాలి.

మాది అనంతగిరి దగ్గర కొండమీది ఊరు. పది ఇళ్ళవాళ్ళ కాఫీ పళ్ళు మా వాకిట్లోనే ఏరుతాం. పండిందేదో పచ్చిదేదో చూసి చెప్పేది నేను. చదివింది ఏడో తరగతే గానీ పళ్ళ దగ్గర నా కన్ను తప్పదని పేరు. మా దగ్గరొక కట్టుబాటుంది. ఏరుతున్నంతసేపూ బుట్ట తెచ్చినవాళ్ళు కొండవైపు తిరిగి ఉండాలి. బుట్ట ఎవరిదని నేను అడగకూడదు, వాళ్ళు నా మొహం చూడకూడదు. ఒకసారి ఇలాగే మా ఆయన దైవాధీనం తెచ్చిన బుట్టలో సగం పచ్చివని తోసేశాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం నేను, పక్కింటి సోని పళ్ళు ఏరుతుంటే సుజానా ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో ఆ రోజు ఆట మొత్తం ఉంది.

“నువ్వు సూసి సెప్పమ్మా.”

“నాను సెప్పాలా?” అన్నాను.

“సారు నాను గెలిసేననే అంటారు, ఆయన నా సారు గదా. ఆ జడ్జీలు ఎవలో నాకు తెలీదు. నీ కన్ను నాకు తెలుసు. ఓడేనంటే సంతకం పెట్టను. గెలిసేనంటే పెడతాను.”

సోని పకపకా నవ్వింది. “ఏటే సుజా, పిల్లి గెంతితే పులనుకుని తలుపేసుకునే మనిషి మీయమ్మ! జడ్జీ ఈవిడా?”

“పళ్ళకాడ భయపడదు గదత్తా” అని సుజానా వెళ్ళి అరుగుమీద కొండవైపు తిరిగి కూర్చుంది, బుట్ట తెచ్చినవాళ్ళలాగే.

ఓడిందంటే చాలు, పిల్ల నాకు దక్కుతుంది. చేతిలోకి అంత సులువుగా వచ్చిపడింది.

“ఆ ఫోన్లో మాటలు ఆపీయే సోనీ” అన్నాను. “బుట్టలు మాటాడవు గదా.”

పళ్ళెం ముందు పెట్టుకున్నాను. రౌండు నా కూతురిదైతే ఎర్ర పండు, అవతలి పిల్లదైతే పచ్చిది. మొదటి దెబ్బకే కళ్ళు మూతపడబోయాయి. “సూత్తన్నావా అమ్మా?” అంది అటు తిరిగే. తెరిచాను. నా పిల్ల కొట్లాడటం అప్పుడే మొదటిసారి చూడటం. ఎంత చక్కగా కదులుతుందో అప్పటిదాకా నాకు తెలియదు. మొదటిది ఎర్రది. రెండోదీ ఎర్రదే.

మూడోది దగ్గర దగ్గరగా ఉంది. నా చెయ్యి వెళ్ళి పచ్చికాయ వేసింది. సోని నా చేతివైపు చూసి తల దించుకుంది. ఆ తల దించుకోవడమే నన్ను కుట్టింది. రౌండు వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. ఎర్రదే. పచ్చిది తీసి ఎర్రది వేశాను. నాలుగోదీ ఎర్రదే.

అయిదోది పచ్చిది. అందులో సందేహం లేదు. అవతలి పిల్ల కుడిచెయ్యి వచ్చినప్పుడల్లా సుజానా ఎడమచెయ్యి ముందే లేచి అడ్డుపడేది. ఈ రౌండులో లేవడం లేదు. దెబ్బ తగిలాకే తల కదులుతోంది. ఆరోదీ అంతే. అలా పదమూడు దెబ్బలు లెక్కపెట్టాను.

మొన్న టీ గ్లాసు ఎడమపక్క పెడితే మోచెయ్యి తగిలి ఒలికింది. నిన్న గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుంది. నేను కంగారుపడితే, నాకు ప్రతిదీ భయమేనని నవ్వింది. నేనూ నవ్వాను.

చప్పుడు కాకుండా లేచి వెళ్ళాను. ఒక ఎర్ర పండు ఆమె ఎడమకంటి పక్కన, జానెడు దూరంలో పట్టుకున్నాను.

“ఇదేటి రంగే?”

“ఏది?” అంది, కొండవైపే చూస్తూ.

బుట్టలో సోని చెయ్యి ఆగిపోయింది.

అయినా తీర్పు చెప్పాలి కదా. “గెలిసేవే. నాలుగు నీవి, రెండు దానివి. ఆ ఇద్దరూ తప్పు రాసేరు.”

గిర్రున ఇటు తిరిగింది. మొహమంతా వెలిగింది. అప్పుడు నా చేతిలోని పండు చూసింది, నేను ఏ పక్క నిలబడ్డానో చూసింది. వెలుగు అంతలోనే పోయింది.

“ఎప్పటినుంచే?”

“నాలుగో రౌండు అయినకాడి నుంచి. పొగ కమ్మినట్టుంటంది. తగ్గిపోద్దనుకున్నాను.”

“నాకెందుకు సెప్పనేదు?”

“నీకేటి సెప్తానమ్మా? తుమ్మితేనే పాస్టరుగారికి కబురెడతావు.”

ఇరవై రెండేళ్ళుగా దేనికి పడితే దానికి ఏడ్చిన తల్లిని. నా దగ్గర దాచడం నేనే నేర్పాను.

నాలుగింటికి సాయినాథ్ సారు నుంచి ఫోన్ వచ్చింది. సుజానా ఎత్తి నాకు అందించింది. “నువ్వే సెప్పు. ముందు గెలిసిన మాట సెప్పు.”

అలాగే చెప్పాను. గెలిచిందని, నాలుగు రెండని. తర్వాత కన్ను సంగతి. “సంతకం వద్దమ్మా. రేపు మొదటి బస్సుకే రండి, కంటి ఆసుపత్రికి వెళ్దాం” అన్నారు సారు.

పొద్దున్న ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సు ఊగుతోంది. సుజానాను కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఎడమవైపు నేను కూర్చున్నాను. ఆమె పిడికిలిలో ఏదో ఉందని విప్పి చూస్తే, నిన్నటి పళ్ళెంలోవి, ఎర్ర పళ్ళు నాలుగు. మళ్ళీ పిడికిలి మూసేశాను. కళ్ళు మాత్రం మూసుకోలేదు. ప్రతి మలుపులోనూ ఆమె తల ఇటు వాలినప్పుడు, ఆ ఎడమకన్ను నన్ను చూస్తుందా అని చూస్తూనే ఉన్నాను.