ఐ అక్షరం కింద

"పాప్ సింగర్‌ని తెలుగులో ఏమంటారోయ్?" అని పూర్ణచంద్రరావుగారు ఉయ్యాల బల్ల మీంచి కేకేసేసరికి రత్నకుమారి వంటింట్లో రొయ్యలు వలుస్తోంది.

"గాయని అంటారండీ."

"గాయని అంటే కచేరీలు చేసేవాళ్ళు. ఈ పిల్ల యూట్యూబులో గెంతుతుంది. 'వినోద కళాకారిణి' అని వెయ్యి."

చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, ముందుగదిలో లాప్‌టాప్ దగ్గరకి వెళ్ళి ఆ ముక్క కొట్టి, మళ్ళీ వచ్చి రొయ్యల ముందు కూర్చుంది. ఆయన బందరు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక, కృష్ణ ఒడ్డు ప్రముఖులందరి మీదా ఒక విజ్ఞాన సర్వస్వం తెస్తానని నెత్తికెత్తుకున్నారు. ఎత్తుకున్నది ఆయన, మోస్తున్నది ఈవిడ. పేర్లు సేకరించడం, ఫోన్లు చెయ్యడం, రాయడం, టైపు కొట్టడం, అచ్చుతప్పులు దిద్దడం, గుడివాడ ప్రెస్సుకి పంపడం, మధ్యలో కూర పొయ్యి మీద పెట్టడం. అట్ట మీద సంపాదకులు మాత్రం ఆయనొక్కరే. ఎమ్మే తెలుగులో ఫస్టు క్లాసు తెచ్చుకున్న మనిషి ఈవిడ. పెళ్ళైన కొత్తలో గుడివాడలో లెక్చరర్ ఉద్యోగం వస్తే, "రోజూ బస్సెక్కి పోతే మావాడికి వేళకి కాఫీ ఎవరిస్తారు?" అన్నారు అత్తగారు. ఆ ప్రశ్నకి జవాబు దొరక్కే ఉద్యోగం పోయింది.

ఆ యూట్యూబు పిల్ల ఐశ్వర్యకి ఈ పుస్తకంలో చోటు దక్కడానికి కారణం ఆమె పాటలు కావు. ఐ అక్షరం కింద ప్రముఖులెవరూ దొరకలేదు. పుట ఖాళీగా ఉంటే బాగోదన్నారు ఆయన.

అచ్చుకి పంపేముందు ప్రతి వ్యాసాన్నీ ఇంటివాళ్ళకి ఫోన్లో చదివి వినిపించడం ఆయన పెట్టిన ఆచారం. మగవాళ్ళదైతే వాళ్ళకే చదవాలి. ఆడవాళ్ళదైతే ఇంటాయనకి చదవాలి. మొదటి సంపుటిలో ఒక డాన్సు టీచరుగారి అసలు వయసు వేసినందుకు వాళ్ళాయన వచ్చి అరుగు మీద కూర్చుని నానా యాగీ చేశాడట, అప్పట్నించీ ఈ నియమం. అందుకని రత్నకుమారి అవనిగడ్డలో ఉన్న ఐశ్వర్య భర్త ధీరజ్ నంబరుకి చేసింది. ఎత్తింది ఐశ్వర్య.

"ఆయన ఫోను ఛార్జింగులో పెట్టి బయటికెళ్ళారండీ. నా గురించా? నాకు చదవండి, ప్లీజ్."

రత్నకుమారికి కాదనాలనిపించలేదు. 'ధీరజ్ గారి సతీమణి. భర్త రచించి, స్వరపరచిన పాటలను ఆలపించిన వినోద కళాకారిణి' అని చదివింది.

"పాటలు నేనే రాశానండీ. ట్యూన్లూ నావే. ఆయన కెమెరా పడతారు, ఎడిటింగు చేస్తారు. ఛానల్ ఆయన పేరు మీదుంది కాబట్టి అన్నింటికీ ఆయన పేరే వేసుకున్నారు." ఆగి, మళ్ళీ అంది. "మాది పెడనండీ. మా నాన్న కలంకారీ అద్దుతారు. చెక్క అచ్చు గుడ్డ మీద పెట్టి పిడికిలితో రెండు గుద్దుతారు చూడండి, ఆ చప్పుడు వింటూ పెరిగాను. ఇదిగో వినండి." వంటగట్టు మీద కాబోలు, దబదబా గుద్దుతూ కూనిరాగం తీసింది. కృత్తివెన్ను చెరువుగట్ల మీద, మంగినపూడి వెళ్ళే ఆటోల్లో, పెళ్ళి డీజేల్లో ఊళ్ళన్నీ ఊగిపోయే పాట అదే. "ఆయన మా అద్దకం షెడ్డులో అడుగైనా పెట్టలేదండీ. ఎక్కడో ఒక్కచోట నిజం అచ్చులో ఉంటే చాలు, నాకింకేం వద్దు."

అలాగే వేస్తానంది రత్నకుమారి. ఎన్నేళ్ళకో తనదంటూ ఒక పని చేతిలో పడింది. ఆ మధ్యాహ్నం పాత వాక్యం కొట్టేసి, 'గాయని, గీత రచయిత్రి, స్వరకర్త' అని వేసి, భోజనాల దగ్గర ఆయనకి వినిపించింది.

"ఆధారం?" అన్నారాయన, రొయ్యల ఇగురు కలుపుకుంటూ.

"ఆ అమ్మాయే చెప్పిందండీ."

"ఆవిడ చెప్తే ఆధారమవుతుందటోయ్? మనం చేస్తున్నది పరిశోధన."

"మరి ధీరజ్ సంగతి కూడా ధీరజే కదండీ చెప్పింది? మొన్న రొయ్యల చెరువుల ఆయన తనని దానశీలి అని తనే చెప్పుకుంటే వేశాం కదా?"

"ఆయన పెద్దమనిషి. అయినా మొగుడూ పెళ్ళాల మధ్య నీది నాది అని ఉంటుందా? నువ్వూ నేనూ అలా లెక్కలేసుకున్నామా ఎప్పుడైనా? పెరుగు వెయ్యి."

పెరుగు వేసింది. కానీ వాక్యం మార్చలేదు. ఆయన ఫైలు తెరిచి చూసే మనిషి కాదు, ఈవిడ చదివితే వినే మనిషి. అచ్చయ్యాక అరిస్తే అరుస్తారు, అరుపులు తనకి కొత్తా అనుకుంది. రెండు రోజులు పనిపాటల్లో ఆ పాటే కూనిరాగం తీసింది. పప్పు రుబ్బుతుంటే చెయ్యి దానంతటదే ఆ తాళం వేసింది. తన మీద తనకే ముచ్చటేసింది.

మూడోనాడు పొద్దున్నే ఐశ్వర్య ఫోను.

"మేడమ్, ఆ మాట తీసెయ్యండి. పాటలు నావేనని పుస్తకంలో పడుతోందని సంతోషం పట్టలేక ఆయనకి చెప్పేశానండీ."

"ఏమన్నాడు?"

"ఏమీ అన్లేదండీ. రికార్డింగు గది తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు. ఛానల్లోంచి నా పాటలన్నీ తీసేస్తారట. మా అత్తగారైతే, వాడి కష్టం కాజెయ్యాలని చూస్తున్నావా అన్నారు. మా నాన్న కూడా సర్దుకుపొమ్మన్నారు. నేను పాడకుండా ఉండలేనండీ."

రత్నకుమారి ధైర్యం చెబుదామనుకుంది. ముప్ఫై ఏళ్ళుగా తనకి తాను చెప్పుకోలేనిది ఈ పిల్లకి ఏం చెప్తుంది?

"మరి నిన్ను ఏమని వెయ్యమంటావమ్మా?"

"మీ పుస్తకంలో మీ గురించి ఏమని వేశారండీ?" వెటకారం లేదు, నిజంగానే అడిగింది. "ఇంత పుస్తకం మీరే కదా చేస్తున్నారు. మీకెలా వేశారో నాకూ అలాగే వేసెయ్యండి. ఏ గొడవా ఉండదు."

ఫోను పెట్టేశాక రత్నకుమారి లాప్‌టాప్ ముందు కూర్చుంది. 'ధీరజ్ గారి సతీమణి. భర్త రచించి, స్వరపరచిన పాటలను ఆలపించిన వినోద కళాకారిణి.' పాత వాక్యం ఒక్క అచ్చుతప్పు లేకుండా మళ్ళీ వచ్చింది. ఒక ఆడదాని నోరు ఇంకొక ఆడది ఇంత శుభ్రంగా మూయగలదని ఆమెకి ఆ క్షణం దాకా తెలియదు.

తరవాత పూర్ణచంద్రరావుగారి పేరుతో ఉన్న ముందుమాట తెరిచింది. సంపుటి మొత్తం మీద తన ఊసున్నది అక్కడొక్కచోటే, చిట్టచివర. 'ఈ బృహత్కార్యంలో నాకు చేదోడువాదోడుగా నిలిచిన నా అర్ధాంగికి కృతజ్ఞతలు.' పేరు లేదు. రత్నకుమారి ఆ వాక్యాన్ని చెరిపేసి, ఫైలు గుడివాడ ప్రెస్సుకి పంపేసింది.

ఆయన కనిపెట్టరు. ఆ ముందుమాట ఆయన చెప్పింది కాదు, రాసిమ్మని అడిగితే తీరిక లేదన్నారని తనే రాసింది. ఆ కృతజ్ఞతలు కూడా, ఆయన మర్చిపోతారేమోనని, తనకి తనే చెప్పుకుంది.