గట్టు జరిపిన కిషన్ రావు

హన్నాకు ఆరు నెలలుగా ఒకటే పని. వరంగల్‌లోని క్షయ నివారణ సంఘం ఆఫీసులో, చల్లటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, రోగుల కార్డులు ఒక్కొక్కటే ఎక్కించడం. పేరు, ఊరు, మందు మొదలుపెట్టిన తేదీ, మానేసిన తేదీ. మొత్తం ఇరవై మూడు వందల కార్డులు. ఇరవై ఏళ్లు టైపు మిషన్ మీద పనిచేసిన వేళ్లకు ఇదేం లెక్క కాదు గానీ, ఆ పచ్చ అక్షరాలు చూసీ చూసీ కళ్లు కారం పడ్డట్టు మండేవి. అయినా పంటి బిగువున లాగింది. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో కూతురు ఎస్తేరుకు నెలలు నిండుతున్నాయి. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అల్లుడికి తల్లి లేదు, ఆ ఇంట్లో వేరే ఆడదిక్కు లేదు. కార్డులన్నీ ఎక్కించిన రోజున రెండు నెలల సెలవుకు సంతకం పెడతానని సూపరింటెండెంటు కిషన్ రావు మాటిచ్చాడు.

శనివారం సాయంత్రం ఆఖరి కార్డు ఎక్కింది.

ఈలోగా ఆఫీసులో వాటాల తగాదా ముదిరింది. ఆ కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ నలభై మెగాబైట్లు. ముప్పై రెండుకు మించి ఒక్క ముక్కగా వాడుకోవడం ఎనభై ఎనిమిదిలో వచ్చిన ఆ మిషన్‌కు చేతకాదు. అందుకని హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు దాన్ని రెండు చేసిపోయాడు. 'సి' అని ముప్పై రెండు ఆఫీసుకు, 'డి' అని మిగిలిన ఎనిమిది స్టోర్సుకు. స్టోర్సు చూసే సారంగపాణికి కడుపు మండింది. అందులో ఏం పెట్టుకోవాలో ఆయనకూ తెలియదు. కానీ వాటా అంటే సగం ఉండాలి.

"ఎనిమిదేంది సార్? నేను పాలోన్ని కానా? జీతగాన్నా?" అని కిషన్ రావు మీద రోజూ సణిగేవాడు.

అంతటితో ఆగినా బాగుండేది. సగం చేసేదాకా ఫ్లాపీలు ఇచ్చేది లేదని బీరువాకు తాళం వేసుకున్నాడు. కార్డులకు నకలు తీసి పెట్టుకోవాలని హన్నా మూడుసార్లు చీటీ రాసింది. మూడుసార్లూ చీటీ తిరిగొచ్చింది. పెద్దవాళ్ల పంతాల మధ్య నలిగేది ఎప్పుడూ టైపు కొట్టే మనిషే.

సోమవారం పొద్దున సెలవు కాగితం ముందు పెడితే కిషన్ రావు దాన్ని పక్కకు నెట్టాడు.

"పెడతనమ్మా, ఫికర్ చెయ్యకు. ముందుగాల గీ పంచాయితీ తెగనియ్యి. నీ కార్డులన్ని కలిసి ఎంత జాగ పట్టినయి?"

"రెండు మెగాబైట్లు గూడ లేవు సార్. ఎందుకు?"

"ఏం లేదు. పోయి బువ్వ తిను."

కిషన్ రావు వర్ధన్నపేట రైతుబిడ్డ. అన్నదమ్ముల పొలాలకు దగ్గరుండి గట్లు పెట్టించినవాడు. ఊళ్లో కొలతల తగాదా వస్తే ఇప్పటికీ ఆయనకే పిలుపు. ఆయన లెక్క ఆయనకు సాఫుగానే కనబడింది. ముప్పై రెండులో సాగులో ఉన్నది రెండే, అదీ ముందు కొసన. వెనకంతా బీడు. ఆ బీడులో పన్నెండు కోసి గట్టు ఇవతలికి జరిపితే ముందున్న పంటకేమవుతుంది? ఇంజనీరు ఆనాడు చేసిందంతా నోటుబుక్కులో వరసగా రాసుకున్నాడు కూడా. పాత భాగాలు తీసెయ్యడం, కొత్తవి పెట్టడం, ఆ తర్వాత ఫార్మాట్. ఉన్నది పోతుందని తెర మీద ఇంగ్లీషులో హెచ్చరిక వచ్చింది. పోయేది ఆ పన్నెండే కదా అనుకుని నిబ్బరంగా, అవునని 'వై' నొక్కాడు.

హన్నా టిఫిన్ గిన్నె కడుక్కుని వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూడు హన్నమ్మా, చెరి ఇరవై! పాణి నోరు మూయిచ్చిన. ఇగ నీ కార్డులు తియ్యి, సంతకం పెడత."

ఆమె నిలబడే మీటలు నొక్కింది. ఫైలు లేదని వచ్చింది. మళ్లీ నొక్కింది. అదే వచ్చింది.

"సార్, కార్డులు లేవు."

"లేకేం? ముందల్నే ఉంటయి గద. నేను గట్టు జరిపింది ఎనుక దిక్కు."

"గట్టు జరగలే సార్. పొలమే మొత్తం చెరిపి కొత్తగ చేసిన్రు."

కిషన్ రావు తెర మీదికి వంగి చూశాడు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"కరెంటు పోయి ఖరాబయిందని రాద్దాం. మల్ల ఎక్కిస్తవు గద అమ్మా? నీ చెయ్యి స్పీడు. సెలవుదేముంది, జర ఆగి..."

హన్నాకు కోపం రావాలి. రాలేదు. కోపానికైనా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి కదా. ఆరు నెలల కష్టం పోయినందుకు ఏడుపు కూడా రాలేదు గానీ, మంచం మీద కదలకుండా పడుకున్న పిల్ల గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఈ ఆఫీసులో ఎవరు ఏది చెడగొట్టినా మళ్లీ మొదటి నుంచి కొట్టింది తానే. ఈసారీ కొడితే ఎస్తేరు పక్కన ఎవరుంటారు?

కార్డుల పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. దాని మీద సెలవు కాగితం పెట్టింది.

"కార్డులు కాయితం మీద భద్రంగ ఉన్నయి సార్, ఏడికీ పోవు. నేనైతే శనివారమే ఎక్కిచ్చిన, మీరే చూసిన్రు. సంతకం పెట్టుర్రి."

"మరి ఇవన్ని ఎవరెక్కియ్యాలె?"

హన్నా తన కుర్చీని ఆయన వైపు తిప్పింది.

కిషన్ రావు సంతకం పెట్టాడు. తల ఎత్తకుండానే వచ్చి కూర్చుని మొదటి కార్డు తీశాడు. కట్టయ్య, పాలంపేట. చూపుడువేలు మీటల మీద అటూ ఇటూ తచ్చాడింది.

"కె ఏడుందమ్మా?"

గుమ్మం దాటబోతున్న హన్నాకు కాళ్లు ఆగాయి. వెనక్కి వెళ్లి చేసిపెట్టడం ఆమెకు ఇరవై ఏళ్ల అలవాటు.

"నడుమ వరుసల, కుడి దిక్కు సార్," అని అక్కడి నుంచే చెప్పి, కాజీపేట బస్సు కోసం బయటికి నడిచింది.