ఆఖరి కడుగు

ఆ పద్ధతి ఆమెది. గోడకు అంటించిన కాగితం మీద పేరు మాత్రం మొగుడిది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

పందుల పెంపక కేంద్రంలో మొగుడు ల్యాబుకు పెద్ద. ఆమెకు ఉద్యోగం లేదు. "ఇంట్లో ఊరికే కూర్చోకపోతే వచ్చి ఓ చెయ్యి వెయ్యరాదూ" అన్నాడు ఒకనాడు. అత్తగారికి వేణ్ణీళ్ళు, మొగుడికి క్యారేజీ, ఆరుగురి బట్టలు అయ్యాక మిగిలేదాన్ని ఆ ఇంట్లో ఊరికే అంటారు. ఆ ఊరికేలో నాలుగేళ్ళపాటు పోతుపందుల వీర్యం నిల్వచేసే సీసాలు కడిగింది. సాయంత్రం ఇంటికొస్తే అత్తగారు గడప దగ్గరే ముక్కు మూసుకునేది. "స్నానం చేసి లోపలికి రావే తల్లీ, కడుపు తిప్పుతోంది." కొడుకు ఒంటి మీదా అదే కంపు. కానీ అది ఉద్యోగం వాసన.

ఆ ఏడు నిల్వ ఉంచిన వీర్యం రెండో రోజుకే చచ్చిపోతూ వచ్చింది. ఎక్కించిన ఆడపందులు చూలు నిలవక మళ్ళీ ఎదకొస్తున్నాయి. పెంపకందార్లు వచ్చి తిట్టిపోతున్నారు. మొగుడు మందు మార్చాడు, చల్లపెట్టె మార్చాడు, చివరికి పోతునే మార్చాడు. ఆమె ఊరికే చూసింది. వెచ్చటి వీర్యంలో, అది నిల్వ ఉండటానికి కలిపే ద్రావణాన్ని చల్లగానే గుమ్మరిస్తున్నారు. పసిబిడ్డకు నీళ్ళు పోసేముందు మోచెయ్యి ముంచి చూసుకోని తల్లి ఉంటుందా? రెంటినీ ఒకే వేడికి తెచ్చి కలిపింది. సీసాలను వెంటనే చల్లపెట్టెలో పడెయ్యకుండా తువ్వాలు చుట్టి రెండు గంటలు బల్ల మీద ఉంచింది. అడుగున పేరుకోకుండా పూటపూటా మెల్లగా తిప్పింది. ఐదో రోజుకు కొన్ని సీసాల్లో బతికింది, కొన్నింట్లో చచ్చింది. ఎందుకో తెలియడానికి నెల పట్టింది. ఇంటిపని తెమలక పరుగున వచ్చి, సబ్బుతో రుద్ది ఒక్కసారే తొలిచిన సీసాలే చంపుతున్నాయి. వాటిలో మిగిలింది కంటికి కనపడని సబ్బు. అప్పట్నుంచి ప్రతి సీసానూ ల్యాబులోని శుద్ధజలంతో రెండుసార్లు తొలిచి ఆరబెట్టింది. ఇక ఏ సీసాలోనూ చావలేదు.

తువ్వాలు, తిప్పడం, వేడి సంగతి చెబితే మొగుడు రాసుకున్నాడు. "ఏమండీ, సీసాల సంగతి కూడా..." అంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "సీసాల గోల నాకెందుకు? అది నీ పని."

ల్యాబుకు సహాయకుల పోస్టు ఒకటి వచ్చింది. అది తనదే అనుకుంది. పై ఆఫీసరు వచ్చిన రోజు ఇస్త్రీ చీర కట్టుకుని మరీ నిలబడింది.

ఆఫీసరు మైక్రోస్కోపులో కన్నుపెట్టి, "ఐదో రోజు కూడా ఈత కొడుతున్నాయే! ఎవరయ్యా కనిపెట్టింది?" అన్నాడు.

"మనమేనండీ," అన్నాడు మొగుడు.

"మరి ఈవిడ?"

"మా ఆవిడండీ. సీసాలు కడుగుతుంది."

"ఇంట్లో గిన్నెలు చాల్లేదా ఏమ్మా?" అన్నాడు ఆఫీసరు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వును మాత్రం ఆమె ఎన్నటికీ క్షమించుకోలేదు.

పోస్టు మొగుడి చెల్లెలి భర్తకు వెళ్ళింది. "పేరు నాదైతేనేం, నీదైతేనేం?" అన్నాడు మొగుడు, అన్నంలో చెయ్యి పెడుతూ. ఏమీ తేడా లేకపోతే నాదే రాసి ఉండొచ్చుగా అనుకుంది. మర్నాడు కేంద్రానికి వెళ్ళలేదు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇంట్లో ఊరికే కూర్చుంటాను."

మూడు వారాలు గడిచాయి. వీర్యం మళ్ళీ రెండో రోజుకే చస్తోంది. ఆఫీసరు మళ్ళీ వస్తున్నాడు, ఈసారి సంజాయిషీ అడగడానికి. మొగుడు చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు.

"కాగితంలో ఉన్నదంతా చేస్తున్నాం. తువ్వాళ్ళు చుట్టాం, తిప్పాం. మా బావ దగ్గరుండి మరీ చూస్తున్నాడు. నువ్వు ఇంకేదో చేసేదానివి. ఏం చేసేదానివే?"

ఆమె పొయ్యి కట్టేసింది. చేతులు తుడుచుకుంది.

"సీసాలు కడిగేదాన్ని."

"వేళాకోళమా? అసలు సంగతి చెప్పు!"

అసలు సంగతి ఆమె అప్పటికే చెప్పేసింది. వినడం ఆయన పని. ఆ తరువాత ఆయన ఎంత అరిచినా, అత్తగారు గడ్డం పట్టుకుని బతిమాలినా, ఆ విషయం మీద ఆమె మళ్ళీ నోరు విప్పలేదు.