నాలుగో బండి ఎక్కినవాడు

ముసురు వదిలిన పొద్దు. తడి రోడ్డు. ఇడ్లీ ఆవిరి వాసన మోసుకొచ్చే చల్లగాలి.

ఆ గాలి మీద ఒక గొంతు...

"సూర్యాపేట, సూర్యాపేట... కోదాడ... బెజవాడ..."

ఎల్బీనగర్ చౌరస్తాలో ఆ గొంతు తెలియనివాళ్లు లేరు. పేరుకే బక్కయ్య, గొంతు మాత్రం మనిషికి మూడింతలు. ప్రైవేటు బస్సులకు మనుషుల్ని పిలిచి ఎక్కించడం అతని పని. ఇరవై ఏడేళ్లుగా అదే పని.

పిలుస్తాడు. ఎక్కిస్తాడు. తను మాత్రం ఎక్కడు.

ఇవాళ అతని పక్కన కూతురు సౌజన్య నిలబడి ఉంది. ఇస్త్రీ చీర. చేతిలో ఇంటర్ తెలుగు గైడు. పది గంటలకు చైతన్యపురిలో, ఒక కోచింగ్ కాలేజీలో డెమో క్లాసు. పిల్లల ముందు ఇరవై నిమిషాలు ఒక కవిత చెప్పాలి. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే "కబురు చేస్తాం" అంటారు. ఆ మాట ఆమె ఇప్పటికే రెండు చోట్ల విన్నది. ఇన్నాళ్లయినా కబురూ లేదు, కాకరకాయా లేదు.

చెప్పాల్సిన కవిత నాలుగే పాదాలు.

*మొదటి బండి వచ్చింది, పోనిచ్చాడు.*
*రెండో బండి వచ్చింది, పోనిచ్చాడు.*
*మూడోది ఆగి పిలిచింది, పోనిచ్చాడు.*
*నాలుగోది ఎక్కాడు, వెనక్కి చూడలేదు.*

పాదాలు నాలుగు. గైడులో వివరణ నాలుగు పేజీలు!

ప్రయాణికుడు జీవాత్మట. మూడు బండ్లూ మూడు ఆశలట. నాలుగోది వైరాగ్యమట. వెనక్కి చూడకపోవడం మోక్షమట. అంత వైరాగ్యం వచ్చినవాడికి బస్టాపులో ఏం పనో మాత్రం గైడు చెప్పలేదు. సౌజన్య పదిసార్లు చదివింది. పదిసార్లూ ఆ మనిషి కళ్ల ముందుకు రాలేదు. కాళ్లకు చెప్పులు లేవు, చొక్కాకు చెమట లేదు. జీవాత్మ కదా, ఎందుకుంటాయి!

చిక్కు ఇంకోటి ఉంది. ఆ గైడు రాసింది గంగాధరరావుగారు. ఇవాళ డెమో చూసి ఉద్యోగం ఇచ్చేదీ, పొమ్మనేదీ ఆయనే.

"నాయినా, ఒక ముచ్చట అడుగుత. ఒకడు మూడు బస్సులు ఇడిసిపెట్టి నాలుగోదెక్కిండు. ఎందుకు?"

బక్కయ్య ఆలోచించలేదు.

"సాగనంప ఎవ్వలొచ్చిన్రు?"

"బుక్కుల లేదు నాయినా."

"బుక్కుల లేకుంటేంది, ఉంటరు. ఒక్కడే ఉన్నోడు మొదటి బస్సుకే ఉరుకుతడు. మూడు ఇడిసిండంటే పక్కన మనిషున్నట్టే. ముచ్చట ఒడవలే బిడ్డా, గంతే."

గంతే.

నాలుగు పేజీలు ఒక్క ముక్కలో తేలిపోయాయి. సౌజన్యకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చుట్టూ చూసింది.

ప్రయాణికులు... ఎంతమంది ప్రయాణికులు! కిటికీ సీటు లేదని దిగిపోయే పెద్దాయన. రెండు బస్సులకూ చెయ్యెత్తి రెండూ పోగొట్టుకునే తొందరమనిషి. టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచి, ఎక్కిన బస్సు దిగి, పెళ్లాన్ని ఫోనులో తిట్టి, మళ్లీ అదే బస్సు వెంట పరుగెత్తేవాడు. వీళ్లందరినీ బక్కయ్య చదివాడు. ఒక్క పుస్తకం చదవకుండా చదివాడు.

అయితే ఊరికే రాలేదు ఆ చదువు.

పదిహేనేళ్ల కిందటి మాట. ఈ పనిలో ఒక సూత్రం ఉంది: సంచి అందుకుంటే మనిషి ఎక్కినట్టే. ఎటూ తేల్చుకోలేనివాడి చేతిలో సంచి లాగి బస్సులో పడెయ్యాలి. సంచి వెంట మనిషి తనే ఉరుకుతాడు. బక్కయ్య అందులో మొనగాడు. ఆ రోజు ఒక పడుచువాడి సంచి అలాగే లాగేశాడు. వాడు ఉరికాడు. బస్సు కదిలింది.

వెనక ఒక తల్లి మిగిలింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బక్కయ్య.

"ఏం లేదయ్యా. ఒక మాట చెప్దామనుకున్న. గింతల బస్సు పొయ్యింది," అన్నది ఆమె.

ఏ మాటో ఆమె చెప్పలేదు. బక్కయ్య అడగలేదు. ఆ పూట అన్నం సయించలేదు. ఆ రోజు నుంచి ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటుంటే అతను సంచి ముట్టడు. "సంసారం పెట్టినవా ఈడ, బస్సు నింపరాదూ" అని డ్రైవర్లు ఆడిపోసుకుంటారు. ఆడిపోసుకోనీ. వాళ్ల ముచ్చట ఒడిసి, మాటలు అయిపోయేదాకా బక్కయ్య ఆకాశంలోకి చూస్తూ కోదాడ, కోదాడ అంటాడు.

అదంతా చెప్పి, కూతురి భుజం తట్టాడు.

"పో బిడ్డా. మంచిగ చెప్పు. పరేషాన్ గాకు."

మెట్రో ఎక్కింది సౌజన్య. కింద రోడ్డు, రోడ్డు మీద గొడుగులు, గొడుగుల మీద చినుకులు... మళ్లీ మొదలైన చినుకులు. గైడు చెప్పనా? నాయిన మాట చెప్పనా? గైడు చెబితే ఉద్యోగం వస్తుంది. నాయిన మాట చెబితే కవితలోని ఆ మనిషి కళ్ల ముందుకొస్తాడు. విక్టోరియా మెమోరియల్ దాటింది. చైతన్యపురి వచ్చింది. ఏదీ తేలలేదు, తలుపులు మాత్రం తెరుచుకున్నాయి.

క్లాసులో అరవై మంది. అందరూ హాస్టల్ పిల్లలే. నిద్ర చాలని కళ్లు. చివరి బెంచీ పక్కన కుర్చీ వేసుకుని గంగాధరరావుగారు. తెల్లచొక్కా, చేతిలో వాచీ.

సౌజన్య కవిత చదివింది. గైడు బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఈయన పక్కన ఎవరున్నారు?" అని అడిగింది.

ఒకడు "వాళ్ల తాత మేడం" అన్నాడు. ఒకమ్మాయి "కాదు, దోస్తు" అంది. ఇంకొకడు "లవర్ మేడం" అన్నాడు, క్లాసంతా గొల్లుమంది. ఇక చూడాలి ఆ గోల! రెండో బండి రాగానే ఏం మాట్లాడుకున్నారు? మూడోది పిలిస్తే ఎవరు వద్దన్నారు? ఎక్కమన్నదెవరు? పిల్లలు బెంచీల మీదికి వంగి వాదులాడుకున్నారు. ఆ మనిషికి చెప్పులొచ్చాయి. చొక్కా వచ్చింది. ఎవరో ఊరు కూడా తెచ్చిపెట్టారు.

సౌజన్య మొహం వెలిగిపోయింది. ఉద్యోగం సంగతే మరిచింది.

అప్పుడు గంగాధరరావుగారు లేచారు.

"సరదాగా ఉందమ్మా, కాదనను. కానీ చివరి పాదం ఏం చేస్తావు? వెనక్కి చూడలేదు అంటున్నాడు కవి. మూడు బండ్లు వదులుకునేంత ఇష్టమైన మనిషి వెనక నిలబడి ఉంటే, చూడకుండా ఎలా వెళతాడమ్మా ఎవడైనా? అందుకే మేము వైరాగ్యమన్నాం."

బెంచీల మీదికి వంగిన పిల్లలు వెనక్కి సర్దుకున్నారు.

సౌజన్య బోర్లా పెట్టిన గైడు వైపు చూసింది. నాయిన చివరి పాదం గురించి చెప్పలేదు. తను అడగనూ లేదు. మూడో చోటు కూడా పోయింది, కబురు చేస్తారిక, అనుకుంది.

"సార్..."

గోడ పక్కన ఒకమ్మాయి లేచింది. జ్యోతిక. నకిరేకల్ దగ్గరి ఊరు. గోల జరిగినంతసేపూ పెదవి విప్పని పిల్ల.

"చూస్తే ఏడుపొస్తది సార్."

గంగాధరరావుగారు ఆమె వైపు తిరిగారు.

"మా అమ్మ జూన్ల నన్ను హాస్టల్ల దింపి గేటు కాడ నిలబడ్డది. నాకు ఎరికే, నిలబడ్డదని. నేను గూడ చూడలే. సక్కగ లోపటికి పోయిన."

ఎవరూ నవ్వలేదు. అరవై మందిలో ఒక్కరూ నవ్వలేదు. ముందు బెంచీ కుర్రాడు పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టాడు.

గంగాధరరావుగారు కుర్చీకి దారి మరిచినట్టున్నారు. పక్కనున్న బెంచీలోనే, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. కళ్లజోడు తీశారు.

"నేనూ చూడలేదమ్మా," అన్నారు. "తెనాలి స్టేషన్లో. మా నాన్నగారు ప్లాట్‌ఫామ్ మీద ఉన్నారు. నలభై రెండేళ్లయింది."

ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని ఆ పిల్లలకు అంతకుముందు తెలియదు.

టైమైందని చెప్పడానికి ఆయా తలుపు దగ్గరికి వచ్చింది. ఆగమన్నట్టు ఆయన చెయ్యెత్తారు.

జ్యోతిక ఇంకా నిలబడే ఉంది. సౌజన్యనే చూస్తోంది.

"మేడం, ఎందుకు చూడలేదో... ఎనకున్నోళ్లకు తెలుస్తదా?"

కవితలో లేదు జవాబు. గైడులో లేదు. సౌజన్య చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టింది. ఉదయం నుంచి బట్టీ పట్టిన పుస్తకం భాష ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఇంటి మాట వచ్చింది.

"తెలుస్తది బిడ్డా," అన్నది.