మధ్యలో ఇదెందుకు?

"మెషీన్ ఉతుకుతుంది, కుక్కర్ ఉడికిస్తుంది, పనమ్మాయి తుడుస్తుంది. ఇంక తను చేసేదేముందక్కా, బటన్ నొక్కడమేగా!"

సెలవు పెట్టి ఇంట్లో ఉన్న మా ఆయన, ఫోన్లో వాళ్లక్కతో అన్న మాట. నేను పక్కగదిలోనే ఉన్నాను, ఆయన ప్యాంటు జేబులు తడుముతూ. తడమకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఓసారి ఆయన ఆఫీసు తాళంచెవి గంటసేపు మెషీన్లో తిరిగింది. తెల్లవి వేరు చెయ్యాలి, అత్తగారి చీర రంగు వదులుతుంది. సబ్బు ఎక్కువైతే ఆవిడకి ఒళ్లంతా దురద. కుక్కర్ రబ్బరు సాగిపోయింది, కొత్తది తేవాలి. పనమ్మాయి రాని రోజు తుడిచేదెవరో వేరే చెప్పాలా? ఇన్ని అయ్యాక నొక్కేది బటన్. ఒళ్లు మండిపోయింది. బటన్ నొక్కి ఆఫీసుకి వెళ్లాను.

అక్కడా ఇదే గోల. మేం రాసిన కోడంతా కలిపి నడిచే ప్రోగ్రాంగా మార్చడానికి ఒక టూల్ ఉంది. దాన్నే బిల్డ్ టూల్ అంటాం, మహా తిక్కది. మూడేళ్ల క్రితం దానితో వేగలేక నేనో చిన్న స్క్రిప్టు రాశాను. టూల్ ఉందో లేదో చూస్తుంది, లేకపోతే తెస్తుంది, మా టీమ్ తొమ్మిది కంప్యూటర్లలోనూ ఒకే వెర్షన్ ఉండేలా చూసుకుంటుంది, పాత చెత్త తీసేస్తుంది, అప్పుడు టూల్‌ని నడుపుతుంది. అందరూ ఒక్క మాట టైపు చేసి టీకి వెళ్లిపోతారు. ఈ హడావుడంతా తెరమీద కనపడితే వాళ్లకి చిరాకని, దాని నోరు నేనే నొక్కేశాను. నా బుద్ధి గడ్డి తిని.

టీమ్ లీడ్ ఎవరో ఈ వారం తేలాలి. నాకే ఇస్తారని చాలా ఆశపడ్డాను, దాచుకోవడమెందుకు? నా తర్వాత నాలుగేళ్లకి చేరిన పక్క సీటాయన నిన్న సాయంత్రం, "మేడం, ఈ స్క్రిప్టు చేసేదేం లేదు, టూల్‌ని పిలుస్తుందంతే. మధ్యలో ఇదెందుకు?" అని తీసి పారేశాడు. నేను వద్దంటున్నా వినలేదు. "శభాష్, లీడ్ అంటే ఇలా ఉండాలి" అని మేనేజరు నా ముందే అతని భుజం తట్టాడు.

ఇవాళ పదకొండింటికల్లా తొమ్మిది కంప్యూటర్లలో తొమ్మిది రకాల ఎర్రర్లు. సాయంత్రం ఇచ్చి తీరాల్సిన ప్రోగ్రాం ఒక్కచోటా తయారవలేదు. మేనేజరు మెల్లగా నా సీటు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మేడం, ఆ పాత స్క్రిప్టు మీ దగ్గరుందిగా? చప్పుడు చెయ్యకుండా పెట్టెయ్యండి. ఎవరికీ చెప్పకండి. పాపం, అతను చిన్నబుచ్చుకుంటాడు."

అతను చిన్నబుచ్చుకుంటాడట! మూడేళ్లలో నేను ఒక్కసారీ చిన్నబుచ్చుకోలేదు కాబట్టేగా ఈ మనిషికి నా పని కనపడలేదు. నోటిదాకా వచ్చిన ఆ మాట అనేలోపు ఫోన్ మోగింది. మా ఆయన.

"ఏమోయ్, నా నీలం చొక్కా రేపటికి కావాలి. మెషీన్లో వేస్తే తిరిగి చావదే! ఏం చెయ్యాలి?"

"బటన్ నొక్కండి."

"నొక్కాను! కుయ్యోమంటోంది."

"అయితే మీ అక్కని అడగండి" అని పెట్టేశాను.

తర్వాత స్క్రిప్టు తెరిచి, నోరు నొక్కిన ఆ లైను తీసేశాను. మేనేజరు ఇంకా పక్కనే నిలబడి ఉన్నాడు.

"పెడతాను సార్. మూడింటికి అందరినీ పిలవండి, అతనూ ఉండాలి. ఒక్కో లైనూ ఏం చేస్తుందో, రాసిందెవరో చదివి వినిపించి, అప్పుడు పెడతాను. లీడ్ సంగతి కూడా అక్కడే మాట్లాడదాం."

"మూడింటికా! అందాకా ఎలా మేడం?"

"టూల్ ఉందిగా సార్" అన్నాను. "మధ్యలో నేనెందుకు?"