దొంగ కావాల్సిన పెద్దమనిషి

శనివారం మధ్యాహ్నమైతే కెనడాలోని సార్నియాలో ఉన్న తెలుగువాళ్ళు కొందరు పద్మిని గారింటి బేస్‌మెంట్‌లో చేరేవారు. ఆవిడ మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. పాత సినిమాలంటే ప్రాణం. అందులోనూ జనానికి టోపీ పెట్టి బతికే మోసగాళ్ళ సినిమాలైతే మరీను. తుపాకులుండవు, రక్తముండదు. ఇస్త్రీ చేసిన సూటు, తేనెలాంటి మాట, పక్కా ప్లాను. అంతే.

ఆ శనివారం తెరమీద ఒక మోసగాడు తనది కాని ఇంటిని దర్జాగా అమ్మేస్తుంటే అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. కావ్యశ్రీ మాత్రం లేచి మెట్ల వైపు నడిచింది. నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడి కాలేజీలో చదువుతున్న అమ్మాయి.

"కూర్చో తల్లీ, అసలైన సీను ఇప్పుడే వస్తుంది" అన్నారు చక్రధర్. ఆయన చాలా ఏళ్ళు ఆయిల్ రిఫైనరీలో ఇంజనీరుగా చేశారు.

"నాకు నవ్వొస్తలేదు అంకుల్. నాకూ ఇట్లనే అయింది."

ఏమైందో చెప్పింది. ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో ఒక అద్దె ఇల్లు చూసి అడ్వాన్స్ పంపింది. సూట్‌కేసులతో ఆ అడ్రస్‌కి వెళ్ళి తలుపు కొడితే ఒక ముసలాయన తీశాడు. అది ఆయన సొంతిల్లు. ఎన్నడూ అద్దెకివ్వలేదు. ఎదురుగా నిలబడిన పిల్లను చూసి పాపం ఆయనే కంగారుపడి, లోపలికి పిలిచి టీ ఇచ్చాడు.

"ఫొటో చూసి అడ్వాన్స్ పంపేశావా?" చక్రధర్ నొచ్చుకున్నట్టుగా తల ఊపారు. "అదే నేనైతేనా... మనిషి నోరు తెరిస్తే చాలు, దొంగో దొరో చెప్పేస్తాను. నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదమ్మా."

ఆయన మనసులో చెడు లేదు. అయినా కావ్యశ్రీ ముఖం మాడిపోయింది. ఆ మాటలు ఆమె అప్పటికే చాలామంది దగ్గర విని ఉంది. వినీ వినీ, ఇప్పుడు ఎవరికైనా చిన్న మెసేజ్ పంపాలన్నా పక్కవాళ్ళకు చూపించి గానీ పంపడం లేదు.

బస్సు దొరకడం కష్టమని ఆ సాయంత్రం పద్మిని గారే కారులో దిగబెట్టారు.

"ఆంటీ, ఆ దొంగలు మీకెందుకు నచ్చుతరు?"

"వాళ్ళ ధీమా నచ్చుతుందమ్మా. ఆపరేషన్‌కి ముందు ప్రతి పేషెంటుకీ 'ఏం ఫరవాలేదు' అని చెప్పేదాన్ని. లోపల నాకూ భయంగానే ఉండేది. వాళ్ళని చూడు, జేబులో ఏమీ ఉండదు, కానీ ఆ బిల్డింగంతా తమదే అన్నట్టు నడుస్తారు! ఇంకోటి గమనించావా? ఆ సినిమాల్లో వాళ్ళ వలలో పడేవాడు తెలివితక్కువవాడు కాదు. దేనిమీదో ఆశ ఉన్నవాడు. ఆ ఆశ ఏమిటో పట్టుకుంటే ఎంతటివాడైనా పడతాడు."

కావ్యశ్రీ ఆవిడ వైపు తిరిగింది.

"చక్రధర్ అంకుల్ కూడా పడతరా?"

పద్మిని గారు కారు పక్కకు తీసి ఆపారు. "చెప్పు, ఏమిటి నీ ఆలోచన?"

ప్లాను మొత్తం కావ్యశ్రీదే. పద్మిని గారు ఒక మనిషిని మాత్రం సమకూర్చారు.

తర్వాతి శనివారం బేస్‌మెంట్‌లో ఒక కొత్త అతిథి ఉన్నాడు. వాంకూవర్‌లో సినిమా పాఠాలు చెప్పే ప్రొఫెసర్ కృష్ణమూర్తి అనీ, ఇవాళ సినిమాకి ముందు నాలుగు మాటలు చెబుతారనీ పద్మిని గారు పరిచయం చేశారు. చక్రధర్ టీ కోసం పైకి వెళ్తే, కావ్యశ్రీ వంటింట్లో ఎదురైంది.

"అంకుల్, మీకొక్కరికే చెప్తున్నా. ఆ ప్రొఫెసర్ మీద నాకు డౌటుగా ఉంది. ఆంటీకి ఆన్‌లైన్‌ల పరిచయమంట. కానీ ఒకసారి మోసపోయినదాన్ని, నా మాట ఎవరు నమ్ముతరు?"

చక్రధర్ కళ్ళు మెరిశాయి. "నువ్వు ఊరుకో. నేను చూసుకుంటాను."

కిందికి దిగగానే ప్రొఫెసర్ పక్కన కుర్చీ లాక్కున్నారు.

"వాంకూవర్ అన్నారు కదా. మీ ఊరికి సముద్రం ఏ వైపండీ?"

ఆయన నుదురు తుడుచుకున్నాడు. "తూర్పు... తూర్పే."

"తూర్పున సముద్రం ఉండేది విశాఖపట్నానికి!" చక్రధర్ గొంతు పెరిగింది. "కాలేజీ కార్డు ఉందా?"

"అది... హడావుడిలో ఇంట్లో మర్చిపోయానండీ."

చక్రధర్ లేచి నిలబడ్డారు. జీవితమంతా ఈ క్షణం కోసమే ఎదురుచూసినట్టుంది ఆయన వాలకం. "డాక్టర్ గారూ, మీరు మోసపోయారు! ఈయన ప్రొఫెసరూ కాదు, పాడూ కాదు. నోరు తెరవగానే పట్టేశాను!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన రెండు చేతులూ జోడించి అందుకున్నారు.

"ఇక చాలు కిట్టూ" అన్నారు పద్మిని గారు ప్రొఫెసర్ వైపు తిరిగి. "కార్డు తియ్యి."

కిట్టు నవ్వాపుకుంటూ జేబులోంచి కార్డు తీసి చక్రధర్ చేతికిచ్చాడు. అదే పేరు, ఆయన ఫొటోనే, వాంకూవర్ కాలేజీ ముద్ర.

"మా పిన్ని కొడుకండీ. ఎన్నో ఏళ్ళుగా వాంకూవర్‌లో ఈ పాఠాలే చెబుతున్నాడు. సముద్రం పడమరన ఉంటుందని వాడికి తెలుసు."

చక్రధర్ కార్డును అటూ ఇటూ తిప్పారు. ఆయన చూపు నెమ్మదిగా కావ్యశ్రీ మీదికి వచ్చింది.

"నువ్వా?"

"నేనే అంకుల్." ఆమె తల దించలేదు. "నాకప్పుడు ఇల్లు కావాలె, అందుకే ఫొటోను నమ్మిన. మీకు దొంగ కావాలె, అందుకే నన్ను నమ్మిన్రు."

చక్రధర్ కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసేసి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. అప్పుడు గానీ మిగతావాళ్ళకు నవ్వే ధైర్యం రాలేదు.

నవ్వు సద్దుమణిగాక ఆయన లేచి ఆమె ముందుకొచ్చారు. "ఆ రోజు నేనన్న మాట తప్పమ్మా. నీ తెలివికేం తక్కువ లేదు. అది నాకు ఇవాళే తెలిసింది."

"ఫరవాలేదు అంకుల్. మీరు బాగ యాక్ట్ చేసిన్రు."

"నేను యాక్ట్ చెయ్యలేదే!"

"అందుకే బాగొచ్చింది."

సినిమా మొదలైంది. సగంలో, తెరమీది ధనవంతుడు వలలో పడగానే చక్రధర్ రిమోట్ అందుకుని ఆపేశారు. "ఇక్కడే ఎందుకు పడ్డాడు వీడు? అమ్మాయ్, చెప్పు."

కావ్యశ్రీ లేచి తెర పక్కకు వెళ్ళింది. "కొంచెం వెనక్కి తిప్పండి. ఆ టోపీ పెట్టుకున్న దొంగ తలుపు దగ్గర ఏమన్నడో వినండి ముందు" అంటూ చెయ్యి చాచి చూపించసాగింది.